పిట్టకు భయపడి చెట్లు నరికినవారు

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 22:6, 7

 

ఈ వారం ఒక ఉత్తరం గురించి మాట్లాడుకుందాము. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కేరీ, మోరిస్‌విల్ వంటి ఊళ్లలో అయితే తెలుగు మాట వినబడని వీధి ఉండదంటారు. ఆ ప్రాంతం నుంచి ఒక సహోదరుడు రాశారు. ఆయనా ఆయన బావమరిదీ కలిసి, అక్కడికి దక్షిణాన శాండ్‌హిల్స్ అని పిలిచే ఇసుకమెట్టల సీమలో 40 ఎకరాల పైన్ తోట కొన్నారట. పక్క భూమి పెద్దమనిషి ఒకాయన వచ్చి, "చెట్లు ముదరకముందే అమ్మేసెయ్యి. ముదిరితే వడ్రంగిపిట్టలు వచ్చి కాపురం పెడతాయి. పిట్ట వచ్చిందంటే వెనకే ప్రభుత్వం వస్తుంది. ఆ తరువాత నీ తోట నీది కాదు" అని సలహా చెప్పాడట. మన సహోదరుని ప్రశ్న ఇది: "అయ్యగారూ, నా చెట్లు నేను నరుక్కోవడం పాపమా? ఇంకా రానే రాని పిట్ట కోసం నేను నష్టపోవాలా?"

ప్రియులారా, ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. దూరదేశపు గొడవ మనకెందుకు అనుకోకండి. అప్పు చేసి భూమి కొన్న మనిషి అడుగుతున్న ప్రశ్న ఇది. భూమి ఉన్న ప్రతి కుటుంబానికీ ఏదో ఒక రూపంలో ఎదురయ్యేదే.

మొదట మన వాక్యభాగం చూడండి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో మోషే చాలా చిన్న సంగతి ఒకటి చెబుతాడు. నీవు దారిన పోతుంటే చెట్టు మీదనో నేల మీదనో ఒక గూడు కనబడింది. అందులో తల్లిపక్షి పిల్లల మీదనో గుడ్ల మీదనో కూర్చుని ఉంది. పిల్లలతోపాటు తల్లిని పట్టుకోకూడదు, తల్లిని విడిచిపెట్టాలి. ఇంతే ఆజ్ఞ. అయితే దీనికి దేవుడు జతచేసిన వాగ్దానం చూడండి: నీకు మేలు కలుగుతుంది, నీవు దీర్ఘాయుష్మంతుడవవుతావు. ఇదే వాగ్దానం ఇంకెక్కడ ఉంది? అదే గ్రంథము 5వ అధ్యాయములో, తల్లిదండ్రులను సన్మానించుమన్న ఆజ్ఞ దగ్గర ఉంది. పిడికెడు పిట్టకూ కన్న తల్లిదండ్రులకూ ఒకటే వాగ్దానం! ఇంకొక సంగతి. ఆ చెట్టు ఎవరి పట్టాలో ఉంది అని మోషే అడగడు. గట్టు మీద చెట్టా, దారి పక్క చెట్టా, నాబోతు ద్రాక్షతోటలో చెట్టా అన్న విచారణ అక్కడ లేదు.

ఇప్పుడు శాండ్‌హిల్స్ వెళ్దాము.

ఆ ఇసుకనేలల్లో పెరిగే చెట్టు పేరు లాంగ్‌లీఫ్ పైన్. పొడుగాకు పైన్ అని మనం చెప్పుకోవచ్చు. దాని సూదుల్లాంటి ఆకులు సుమారు అడుగు పొడవుంటాయి. 104వ కీర్తన 17వ వచనంలో కొంగలు నివసించే సరళవృక్షములని చదువుతామే, ఆ కోవకు చెందిన చెట్టే అనుకోండి. ఒకప్పుడు ఈ చెట్ల అడవి వర్జీనియా మొదలుకొని టెక్సస్ తూర్పు భాగం వరకు సుమారు 9 కోట్ల ఎకరాలు ఉండేది. దాని బంక కాచి తారు, కీలు, టర్పెంటైన్ తీసేవారు. నోవహు ఓడకు కీలు పూసినట్టు కొయ్య ఓడలన్నిటికీ కీలు పూయవలసిన కాలమది. నార్త్ కరోలినావారికి ఈనాటికీ 'తారు మడమలవారు' అని ముద్దుపేరు ఉన్నది అందుకే. బంక అయ్యాక కలప కోసం నరికారు. నరికినచోట త్వరగా పెరిగే వేరే జాతి పైన్ నాటారు, లేదా పొలాలు చేశారు, ఇళ్లు కట్టారు. 9 కోట్ల ఎకరాల అడవి చివరకు సుమారు 30 లక్షల ఎకరాలకు వచ్చింది.

మిగిలినదానికీ ఇంకొక దెబ్బ తగిలింది. అది నిప్పు లేకపోవడం. మీరు సరిగానే విన్నారు. మన దగ్గర అడవికి నిప్పు అంటే గుండె గుభేలుమంటుంది. కానీ ఈ చెట్టు నిప్పుతో కలిసి పెరిగిన చెట్టు. రెండు మూడేళ్లకొకసారి నేల మీద సన్నని మంట పాకి గడ్డినీ ఎండాకునూ తినేస్తేనే దాని విత్తనం మట్టికి తగులుతుంది. మంటను ఆపేస్తే ఓక్ జాతి పొదలు కిందనుంచి ఎగబాకి అడవి కిక్కిరిసిపోతుంది. అదే సీమలో ఫోర్ట్ బ్రాగ్ అనే పెద్ద సైనిక స్థావరం ఉంది. ఫిరంగుల సాధన వల్ల అక్కడ అడపాదడపా మంటలు లేస్తుంటాయి. అందుకే ఆ స్థావరం లోపలి అడవి ఇరుగుపొరుగు తోటలకంటే మంచిగా మిగిలింది! దేవుని సృష్టి విచిత్రం చూడండి. పక్షికి ఫిరంగి మేలు చేసింది, మనిషి జాగ్రత్త కీడు చేసింది.

ఆ అడవిలో ఉండేదే మన ఉత్తరంలోని పిట్ట. ఇంగ్లీషులో రెడ్ కాకేడెడ్ ఉడ్‌పెకర్ అంటారు. ఎర్ర తురాయి వడ్రంగిపిట్ట అందాము. తురాయి అన్నది పేరుకే. మగపిట్ట తల పక్కన ఒక సన్నని ఎర్ర గీత, అదీ చాలాసార్లు కనబడదు. గోరింకంత కూడా ఉండదు. చాలా వడ్రంగిపిట్టలు ఎండిన చెట్టులో తొర్ర తొలిస్తే, ఇది బ్రతికున్న పైన్ చెట్టులోనే తొలుస్తుంది. పచ్చి కలప గట్టిగా ఉంటుంది. అందుకని సాధారణంగా 80 ఏళ్లు పైబడి, లోపలి చేవ ఒక రకమైన బూజు పట్టి మెత్తబడిన చెట్టును వెదుక్కుంటుంది. అయినా ఒక్క తొర్ర పూర్తి కావడానికి ఏడాది, చాలాసార్లు ఎన్నో ఏళ్లు పడుతుంది. తండ్రి మొదలుపెట్టిన తొర్రలో కొడుకు కాపురముండటం కద్దు. మన ప్రభువు చేసిన వృత్తి వడ్రంగమే కదా. ఇంత ఓపికగల వడ్రంగిని ఆయన మెచ్చుకొని ఉంటాడు.

తొర్ర చుట్టూ చిన్న చిన్న గాట్లు కూడా పెడుతుంది. వాటిలోనుంచి బంక కారి చెట్టు మొదలు తెల్లగా, కొవ్వొత్తి కరిగినట్టు కనబడుతుంది. అది అందం కోసం కాదు. జెర్రిపోతు లాంటి పాము ఒకటి చెట్టెక్కి గుడ్లు తింటుంది. బంక దాని పొట్టకు అంటుకుంటే అది పైకి పాకలేదు. ఈ పిట్టలది ఉమ్మడి కుటుంబం. ఎదిగిన కొడుకులు వెంటనే వేరు కాపురం పెట్టరు, ఇంట్లోనే ఉండి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మేత తెచ్చిపెడతారు. అవి విడిచిన తొర్రల్లో ఇతర పక్షులూ ఎగిరే ఉడుతలూ చేరతాయి.

ముసలి చెట్లు పోయాక ఈ పిట్ట ఎక్కడికి వెళ్తుంది? 1970 నాటికే అమెరికా ప్రభుత్వం దీనిని అంతరించే ప్రమాదమున్న ప్రాణుల జాబితాలో చేర్చింది. 1973లో ఆ ప్రాణులను కాపాడే గట్టి చట్టం వచ్చింది. జాబితాలోని జంతువును చంపడమే కాదు, అది బ్రతకడానికి ఆధారమైన చోటును పాడుచేసి దానికి హాని కలిగించడమూ నేరమే అని ఆ చట్టం కింద నియమాలు పెట్టారు. భూమి ఎవరిదైనా సరే, ఒక పిట్టల కుటుంబం ఉన్నచోట చుట్టూ పదుల ఎకరాల పైన్ చెట్లు ఉంచవలసిందే.

మంచి చట్టమేనా? మంచి చట్టమే. దాన్ని నేను తప్పుపట్టను. ఆ చట్టం లేకపోతే ఈనాడు మనం ఈ పిట్ట పేరు పుస్తకాల్లో మాత్రమే చదివేవాళ్లం. కానీ ఆ చట్టాన్ని చూసి మనుష్యులు ఏం చేశారో చూడండి. నార్త్ కరోలినాలోని తోటల లెక్కలు తీసి, డీన్ లూక్, జెఫ్రీ మైకేల్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. వారు కనుగొన్నది ఇది: వడ్రంగిపిట్టలు నివసించే చోటుకు ఏ తోట దగ్గరగా ఉందో, ఆ తోటలో చెట్లను ముందుగా, చిన్న వయసులోనే నరకడం ఎక్కువగా ఉంది. పిట్ట కోసం చేసిన చట్టం పిట్ట ఇంటినే నరికించింది. ఇంకా బాధాకరమైనది ఏమిటంటే, తోటను శుభ్రంగా ఉంచి, ముసలి చెట్లు నిలిపి, మంట పెట్టి అడవిని మంచిగా చూసుకున్న యజమాని దగ్గరికే పిట్టలు వచ్చాయి. ఆంక్షలూ ఆయన మీదే పడ్డాయి. గుడ్డిగా నరికేసుకున్నవాడిని అడిగినవారు లేరు.

మత్తయి సువార్త 25వ అధ్యాయములో ఒక్క తలాంతు పుచ్చుకున్న దాసుడు జ్ఞాపకమున్నాడా? అతడు దొంగ కాదు, తాగుబోతు కాదు. యజమానుడు కఠినుడని భయపడ్డాడు, ఆ భయంతో తలాంతును మట్టిలో పాతిపెట్టాడు. ఉపమానాన్ని మరీ సాగదీయకూడదని మా సెమినరీలో చెప్పేవారు, నేనూ సాగదీయను. కానీ భయపడ్డవాడు చెడ్డపని చేయకుండా ఊరుకుంటాడేమో గాని మంచిపని మొదలుపెట్టడు. ఈ ఒక్క సంగతి ఆ దాసునిలోనూ కనబడుతుంది, కరోలినా తోటల్లోనూ కనబడుతుంది. మన సహోదరునికి సలహా చెప్పిన పొరుగాయన దుష్టుడు కాడు. భయపడ్డవాడు.

ఇప్పుడు 1995వ సంవత్సరానికి రండి. ఆ ఏడాది రెండు సంగతులు జరిగాయి. జూన్ నెలలో అమెరికా సుప్రీంకోర్టు, ప్రాణి ఉండే చోటును పాడుచేసి దానికి హాని చేయడం కూడా నేరమే అన్న నియమం చెల్లుతుందని 6కు 3 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యంలో ప్రస్తావనకు వచ్చిన పక్షుల్లో మన వడ్రంగిపిట్ట కూడా ఉంది. అంటే చట్టం కోరలు అలాగే ఉన్నాయి. అదే సంవత్సరం శాండ్‌హిల్స్‌లో ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. దాని పేరు 'సేఫ్ హార్బర్', అనగా భద్రమైన రేవు. 107వ కీర్తన 30వ వచనంలో తుఫాను అణగిన తరువాత నావికులను దేవుడు చేర్చిన రేవు ఉందే, ఆ మాటే. పర్యావరణ సంస్థలో పనిచేసే మైకేల్ బీన్ అనే న్యాయవాది ఈ ఆలోచనకు ముఖ్యుడు. చట్టాన్ని ప్రాణంగా ప్రేమించిన ఆయనే, చట్టం ఒక్కటే చాలదని గ్రహించాడు.

ఏర్పాటు ఇలా ఉంటుంది. సంతకం చేసే రోజున నీ తోటలో ఎన్ని పిట్టల కుటుంబాలున్నాయో లెక్కపెడతారు. రెండుంటే రెండు, ఏమీ లేకపోతే సున్న. ఆ లెక్కకు నీవు బాధ్యుడవు, దాన్ని తగ్గించకూడదు. ఆ పైన నీవు ముసలి చెట్లు నిలిపి, పొదలు తీయించి, మంట పెట్టించి, తొర్రలకు పెట్టెలు అమర్చినందువల్ల కొత్తగా ఎన్ని కుటుంబాలు వచ్చినా, వాటి పేరు చెప్పి నీ మీద కొత్త ఆంక్ష పెట్టమని ప్రభుత్వం రాసిస్తుంది. గడువు తీరాక నీకు అవసరమొచ్చి మళ్లీ మొదటి లెక్కకు దిగవలసి వస్తే, ముందుగా కబురు చేస్తావు. వారు వచ్చి ఆ పిట్టలను పట్టుకొని వేరే అడవికి తరలించుకుంటారు. ఇంతే. మొదట చేరినవారిలో పైన్‌హర్స్ట్ అనే పేరుగల గోల్ఫ్ విడిది కూడా ఉంది. తరువాత ఇతర దక్షిణ రాష్ట్రాలు ఇదే పద్ధతి పట్టుకున్నాయి. ఈ పిట్ట కోసమే 20 లక్షలకు పైగా ఎకరాలు ఇలాంటి ఒప్పందాల కిందికి వచ్చాయి. 2006లో శాండ్‌హిల్స్ తూర్పు భాగపు పిట్టలు, నిర్ణయించిన సంఖ్యకు అనుకున్న గడువుకంటే ముందే చేరుకున్నాయని ప్రకటించారు.

సంఖ్యాకాండము 35వ అధ్యాయములో, యెహోషువ 20వ అధ్యాయములో ఆశ్రయపురములను చదివాము. ఆ ఆరు పురాలు నరహత్య నిషేధాన్ని కొట్టివేయలేదు. పొరబాటున చంపినవాడు పారిపోయి ప్రాణం దక్కించుకొనే చోటు అవి. ధర్మశాస్త్రమూ నిలిచింది, ఆశ్రయమూ దొరికింది. అక్కడికి దారి కూడా సిద్ధపరచి ఉంచమని ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము చెబుతుంది. దారి లేని ఆశ్రయం ఎవరికి ఉపయోగం?

దారి అన్నాను గనుక డబ్బు సంగతి చెప్పాలి. మాట ఒక్కటే ఇచ్చి పంపిస్తే రైతు ఏం చేస్తాడు? మంట పెట్టించడానికి మనుషులు కావాలి, పొదలు తీయడానికి యంత్రం కావాలి, మొక్కలు కొనాలి. అమెరికాలో భూమి ఎక్కువ భాగం ప్రైవేటు వ్యక్తులదే కనుక, 1980ల నుంచి అక్కడి ప్రభుత్వం ఈ ఖర్చులో పాలు పంచుకుంటూ వచ్చింది. 1985 వ్యవసాయ చట్టంతో కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రాం వచ్చింది. రైతు తన బలహీనమైన నేలలో పంట మాని గడ్డో చెట్లో పెంచితే, 10 నుంచి 15 ఏళ్లపాటు ఏటా కౌలు ఇస్తారు. నాటే ఖర్చులో సగం వరకు భరిస్తారు. 1987లో వన్యప్రాణి శాఖవారు భూయజమానులతో భాగస్వామ్య పథకం మొదలుపెట్టారు. వారి నిపుణుడు వచ్చి తోటలో నడిచి, ఏం చేయాలో చూపించి, ఖర్చులో భాగమూ ఇస్తాడు. 2006 డిసెంబరులో ప్రత్యేకించి ఈ పొడుగాకు పైన్ కోసమే 2 లక్షల 50 వేల ఎకరాల లక్ష్యంతో కౌలు పథకంలో ఒక విభాగం తెరిచారు. వీటిలో దేనిలోనూ బలవంతం లేదు. ఇష్టమున్నవాడు చేరతాడు.

కొందరు విశ్వాసులు ఇక్కడ అడ్డు తగులుతారు. "మంచిపని చేయడానికి డబ్బెందుకయ్యా? జీతగానికీ కాపరికీ తేడా లేదా?" అంటారు. ఈ ప్రశ్నలో కొంత సత్యముంది, దాచను. కౌలు పథకం కింద 2007లో 3 కోట్ల 68 లక్షల ఎకరాలు ఉండేవి. తరువాత ధాన్యం ధరలు పెరిగాయి, చట్టసభ పరిమితి తగ్గించింది. గడువు తీరిన చోట్ల నాగళ్లు దిగాయి. 2021 నాటికి అది సుమారు 2 కోట్ల 10 లక్షల ఎకరాల దగ్గరకు పడిపోయింది. 15 ఏళ్లు గడ్డిలో గుడ్లు పెట్టిన పక్షికి 16వ ఏట ఆ గడ్డి లేదు. ఒప్పందం వేరు, నిబంధన వేరు. దేవుడు నోవహుతో చేసిన నిబంధనకు, అదీ సమస్త జీవరాశులతో కలిపి చేసినదానికి, గడువు తేదీ లేదు. ప్రభుత్వ కాగితానికి ఉంది.

అయినా నా అభిప్రాయం చెబుతాను. పిట్ట అందరిది. దాన్ని కాపాడాలన్న కోరిక దేశం మొత్తానిది. బరువు మాత్రం ఒక్కడి తోట మీద పెట్టి, వాడు మూలిగితే స్వార్థపరుడు అనడం న్యాయం కాదు. గలతీ 6:2లో ఒకరి భారమును ఒకరు మోయమన్నప్పుడు, ఆ భారం మోసేవాడికి మనం దణ్ణం పెట్టి పక్కకు తప్పుకోమని కాదు. మన పొరుగున కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరెబెళ్లూరు అనే పల్లె ఉంది. అక్కడ గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి మధ్యలో, జనం సొంత చింతచెట్ల మీదనే గూళ్లు కడతాయి. ఆ చెట్లకు చింతపండు రాలగొట్టుకోలేని నష్టానికి అటవీశాఖ వారికి పరిహారం ఇస్తుంది. ఆ డబ్బు తీసుకున్నందుకు ఆ పల్లెవాసుల ప్రేమ తగ్గిందని నేననుకోను. ఆడపడుచులు పుట్టింటికి వచ్చినట్టు పక్షులు వచ్చాయని చెప్పుకునే జనం వారు.

ఇక మన సహోదరునికి. అన్నా, నీ చెట్టు నీవు నరుక్కోవడం దానంతటదే పాపం కాదు. కలప కోసం చెట్టు నరకడాన్ని బైబిలు నిషేధించలేదు. సొలొమోను మందిరానికి ఎన్ని చెట్లు నరికారో మనకు తెలుసు. నీ అప్పు తీరాలి, నీ పిల్లలు చదవాలి. కానీ భయంతో నరకకు. భయంతో చేసిన లెక్కలో ఎప్పుడూ ఒక అంకె తప్పిపోతుంది. ముందు ఆ కౌంటీ అటవీ అధికారిని పిలిచి తోట చూపించు. నీ దగ్గర ఉన్నది లాంగ్‌లీఫా, త్వరగా పెరిగే వేరే జాతా తెలుసుకో. వన్యప్రాణి శాఖవారితో ఒప్పందం గురించి అడుగు. 2024లో నియమాలు మార్చి పాత సేఫ్ హార్బర్‌ను మరొక పథకంతో కలిపి కన్సర్వేషన్ బెనిఫిట్ అగ్రిమెంట్ అని కొత్త పేరు పెట్టారు, కనుక పాత కాగితాలు చూపించేవారి మాట విని ఊరుకోకు. ప్రతి షరతూ చదువు. గడువెంతో, మధ్యలో భూమి అమ్మితే ఏమవుతుందో, నీ లెక్క ఎంతని రాశారో చూసుకో. బావమరిది సంతకం కూడా కావాలి కదా. ఆయనకు ఇష్టం లేకుండా ముందుకు పోవద్దు, పిట్ట కోసం ఇల్లు రెండుగా చీలడం మంచిది కాదు. చెట్లన్నీ ఒకేసారి కొట్టకుండా పలచన చేస్తూ కూడా కలప అమ్ముకోవచ్చు. రాలిన పైన్ ఆకులను ఏరి మోపులు కట్టి పూలతోటల వారికి అమ్మడం ఆ సీమలో పెద్ద వ్యాపారమే. మరీ ఊడ్చేయకుండా కొంత నేలకు వదిలితే చాలు. ఇవన్నీ చూసిన తరువాత కూడా అమ్మడమే నీ కుటుంబానికి తప్పనిసరి అయితే, నిన్ను తీర్పు తీర్చడానికి నేనెవరిని?

ఒక్క సంగతి మాత్రం ఆ పొరుగాయనకు తెలియజెప్పు. 2024 అక్టోబరులో ఈ పిట్టను ప్రమాద జాబితాలో ఒక మెట్టు కిందికి దించారు. 'అంతరించే ప్రమాదమున్నది' అన్న చోటు నుంచి 'ముప్పున్నది' అన్న చోటుకు. దాదాపు 54 ఏళ్లు పట్టింది. ఆ మెట్టు దిగడానికి సైన్యం, ప్రభుత్వ అడవులు ఎంత కారణమో, తమ సొంత తోటల్లో ముసలి చెట్లు నిలిపినవారూ అంత కారణం. ముప్పు పూర్తిగా పోలేదు. ఒక్క తుఫాను చాలు. 1989 సెప్టెంబరులో హ్యూగో తుఫాను ఒక్క రాత్రిలో సౌత్ కరోలినాలోని ఫ్రాన్సిస్ మేరియన్ అడవిలో ఈ పిట్టల్లో 60 శాతానికి పైగా పొట్టన పెట్టుకుంది. తొర్రలున్న చెట్లలో ఎక్కువ భాగం విరిగిపోయాయి. మిగిలిన పిట్టలకు తలదాచుకునే చోటు లేదు. కొత్త తొర్ర తొలవాలంటే ఏళ్లు పట్టే పిట్టకు అది చావుకబురే. అప్పుడే మనుషులు రంపాలు పట్టుకొని చెట్లెక్కారు. నిలిచిన చెట్ల మొదళ్లలో గంటు కోసి, దేవదారు జాతి చెక్కతో చేసిన పెట్టెలు అమర్చారు. పిట్టలు వాటిలో చేరాయి! ఆ నేర్పే ఈనాడు ప్రైవేటు తోటల్లోనూ పనికి వస్తోంది.

ఎందుకంటే చెట్టు ముదరడానికి తొందరపడదు. ఈ పొడుగాకు పైన్ మొక్క నాటిన తరువాత మొదటి కొన్నేళ్లు అసలు చెట్టులా ఉండదు. నేల మీద గడ్డి దుబ్బులా కూర్చుంటుంది. కొత్తవాడు చూస్తే మొక్క చచ్చిందనుకొని పీకేస్తాడు. అది పైకి పెరగక, లోపలికి వేరు దించుకుంటూ ఉంటుంది. మంట వచ్చినా నడిమి మొగ్గను ఆకులు కప్పి కాపాడతాయి. తరువాత ఒక వసంతంలో ఒక్కసారిగా లేస్తుంది. ఈ జాతి చెట్లు 300 ఏళ్లు కూడా బ్రతుకుతాయి. 1995లో సంతకం చేసి అదే సంవత్సరం మొక్కలు నాటించిన యజమాని ఉంటే, ఆ చెట్ల వయసు ఇప్పుడు 30 దాటింది. పిట్ట తనంతట తాను తొర్ర తొలిచే ఈడు రావాలంటే ఇంకా సుమారు 50 ఏళ్లు కావాలి. అప్పటికి ఆ యజమాని ఉండడు, బహుశా కొడుకూ ముసలివాడై ఉంటాడు. ఈ మధ్య కాలంలో పిట్టలు మనిషి అమర్చిన పెట్టెల్లో ఉంటాయి. వాటిని మానకుండా ఎవరో నిచ్చెన వేసుకొని ఎక్కి చూసి, పాడైనవి మార్చాలి.

వచ్చే వారం ఇదే సమయమునకు, ఏడవ యేట పొలాన్ని బీడుగా విడిచిపెట్టి, బీదలు తినగా మిగిలినది అడవి మృగములకు వదలమన్న ఆజ్ఞను ధ్యానిద్దాము. నిర్గమకాండము 23వ అధ్యాయము 10, 11 వచనములు ముందుగా చదివి ఉంచుకొనండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.